పండు వచ్చేదాకా ఆగు

తెనాలి,
మే 28.

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ దీవించి రాయునది.

మీవాడు పండు ఇక్కడ బాగా తింటున్నాడు. బాగా నల్లబడ్డాడు కూడా, చూసి కంగారుపడకు. పొద్దున్నే మీ పెదనాన్నతో కాలవ గట్టుకు వెళ్తాడు, వద్దన్నా మధ్యాహ్నం ఎండలో మామిడిచెట్టు కిందే ఉంటాడు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, మాటల మధ్యలో నువ్వు వాడి గది ఖాళీ చేయిస్తున్నావని చెప్పింది. బడి తెరిచేలోపు గది అద్దంలా ఉండాలట, చంటిదాని మంచం కూడా అందులోనే వేస్తావట, వాడికి ముందుగా ఏమీ చెప్పవట. పాత పేపర్లవాడు శనివారం వస్తాడట. ఫోన్లోనే మాట్లాడదామనుకున్నాను గానీ, ఫోన్ తీస్తే చాలు వాడు నా కొంగు వదలడు, అంతా వింటాడు. పైగా ఫోన్లో నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ నన్ను సగంలోనే ఆపేస్తావు. ఎదురింటివాళ్ల అబ్బాయి రేపు హైదరాబాద్ వస్తున్నాడు, అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. తీరిగ్గా చదువు.

గది సర్దొద్దని నేననను. నాలుగో తరగతికి వెళ్లే పిల్లాడికి ఎల్‌కేజీ నాటి చెక్క అక్షరాలెందుకు? ఇద్దరు పిల్లలూ ఒక గదిలో పడుకోవాలంటే చోటు చేయాల్సిందే. నా గొడవల్లా వాడు ఊళ్లో లేనప్పుడు ఆ పని పెట్టుకోవడం గురించే.

ఎవరో జపాన్ ఆవిడ వీడియోలు చూస్తున్నావట. వస్తువును చేతిలోకి తీసుకో, మనసుకు సంతోషం కలిగితే ఉంచు, లేకపోతే సాగనంపు అంటుందట. ఆ మేరీ కొండో గురించి నేనూ పేపర్లో చదివానులే. ఎవరి వస్తువుల సంగతి వాళ్లే తేల్చుకోవాలి, ఇంట్లోవాళ్ల సామాను వాళ్లకు తెలియకుండా తీసేయకూడదు అని కూడా ఆవిడే చెప్పింది. ఆ ముక్క దగ్గర నువ్వు వీడియో ఆపేసినట్టున్నావు. మూడో బిడ్డ పుట్టాక ఇల్లు సర్దడంలో పట్టుదల వదిలేశానని 2023లో ఆవిడే అంది. లోకానికంతటికీ సర్దడం నేర్పినావిడే అలా అంటుంటే, ఉద్యోగం చేస్తూ ఇద్దరిని పెంచుతున్న నువ్వు ఒక్క శనివారంలో అంతా చక్కబెట్టాలనుకోవడమేంటే? ఆ శనివారం కాస్త పడుకో తల్లీ. మొన్న వీడియో కాల్లో నీ కళ్ల కింద నలుపు చూసి మీ పెదనాన్న కూడా "పిల్ల నిద్రపోతోందా లేదా" అని అడిగారు. రాత్రి చంటిది లేస్తే ఒక పూట అల్లుడబ్బాయిని చూసుకోమను. నేను చెప్పానని చెప్పు, ఏమీ అనుకోడు.

నా చిన్నప్పుడు నా దగ్గర హార్లిక్స్ సీసా నిండా గాజుముక్కలుండేవి. ఇంట్లో ఎవరి గాజు చిట్లినా ముక్కలు నావే. దీపం సెగకు వాటిని వంచి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసులు చేసేవాళ్లం. నల్లగాజు ముక్కకు విలువ లేదు, చుక్కలున్న ఎర్రగాజుకు ఎక్కడలేని గిరాకీ. ఒక వేసవిలో మా అమ్మమ్మగారి ఊరు వెళ్లి తిరిగొచ్చేసరికి ఆ సీసా శుభ్రంగా కడిగి, మెంతులు పోసి ఉంది. పోసిందెవరో మీ అమ్మకూ తెలుసు. ఇప్పుడు లేరు కాబట్టి పేరెత్తను. ఆవిడ చెడ్డదేం కాదు, పిల్లకు ఎక్కడ గుచ్చుకుంటాయోనని భయపడింది. ఆ మాటేదో నాతో అని, నన్నే తీసుకెళ్లి పారబోయమంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పటికీ పోపులో మెంతులు వేస్తుంటే ఆవిడ మీద కోపం వస్తుంది నాకు. పండు మంచం కింద బిస్కెట్ల డబ్బా ఒకటుంది. అందులో ఏముందో వాడు నాకు చెప్పాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను, కాబట్టి నీకూ చెప్పను. దాని మూత తీయకు.

అలాగని అన్నీ వాడిని అడిగే చేయమనడం లేదు. అలమర పైనున్న థర్మాకోల్ అగ్నిపర్వతం నిస్సంకోచంగా తీసేయ్. రాత్రి ఒంటిగంటదాకా దాన్ని అతికించింది నువ్వూ అబ్బాయీ, పండు ఎప్పుడో నిద్రపోయాడు, కాబట్టి దాని మీద హక్కు మీదే. పుట్టినరోజులకు వెళ్లినప్పుడల్లా ఇచ్చే రిటర్న్ గిఫ్టులు, ఆ పెన్సిల్ డబ్బాలూ నీళ్ల సీసాలూ, విప్పనివి ఎన్నో ఉండుంటాయి. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలకు ఇవ్వు, కవరు చిరగనివి ఏరి ఇవ్వు. విరిగిన కార్లు మాత్రం ఎవరికీ దానం చేయకు. మనకు పనికిరాని చెత్త వాళ్లకెలా పనికొస్తుంది?

బొమ్మల్లో బ్యాటరీలు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా ఇవాళే చూడు. పాటలు పాడే బొమ్మల్లో, మెరిసే బూట్లలో, తెరిస్తే పాడే గ్రీటింగ్ కార్డుల్లో చొక్కా గుండీ అంత బ్యాటరీలుంటాయి. చంటిది దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోతుంది. మింగిందన్న అనుమానం వచ్చినా సరే, ఏడుస్తుందా నవ్వుతుందా అని చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. వెనక స్క్రూ లేకుండా ఊరికే మూత ఊడొచ్చే బొమ్మ ఏదున్నా ముందు బ్యాటరీ తీసెయ్. చంటిదానికి పళ్లొస్తున్నాయా? కింద రెండూ కనిపిస్తున్నాయని మీ అమ్మ అంది.

ఇక అసలు సంగతి. నోటు పుస్తకాలు.

పాత పేపర్లవాడి తూకంలో రాసిన కాగితానికీ రాయని కాగితానికీ ఒకటే ధర. ఆ మాట తలుచుకుంటేనే నాకు నిద్రపట్టదు. నువ్వు నవ్వుతావు, నవ్వు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పండు పుస్తకాలు తిరగేశాను. మోరల్ సైన్సులో నాలుగు పేజీలు రాసి వదిలేశారు. జీకేలో అంతకన్నా తక్కువ. బొమ్మల పుస్తకంలో ఒక జెండా, ఒక కొబ్బరిచెట్టు. మిగతాదంతా తెల్లగా మెరిసిపోతోంది. మళ్లీ జూన్‌లో బడివాళ్లు ఇచ్చిన జాబితా పట్టుకుని కట్టలకు కట్టలు కొంటారు. మీ పెదనాన్న వాళ్ల అన్నగారు సుబాబుల్ తోట వేసి, మూడు నాలుగేళ్లు పెంచి, కొట్టించి పేపరు మిల్లుకు తోలినప్పుడు ఆయన పడ్డ తిప్పలు చూసినదాన్ని నేను. ఆ చెట్టు కాగితమై, గీతలు గీయించుకుని, మీ ఇంటిదాకా వచ్చి, ఒక్క అక్షరం కూడా పడకుండా తూకానికి పోతుందా?

మీ తాతయ్య ఏటా మే నెలాఖరున మా అందరి పాత నోటు పుస్తకాలూ అరుగు మీద కుప్ప పోయించేవారు. చింపనిచ్చేవారు కాదు. పిన్నులు కొట్టిన పుస్తకంలో ఇవతల కాగితం చింపితే అవతల దాని జత ఊడి చేతికొస్తుంది, అది తెలియక పిల్లలు పుస్తకాలన్నీ పాడు చేస్తారు. ఆయన చాకు మొనతో పిన్నుల కాళ్లు పైకి లేపి, కాగితాలు విడదీసేవారు. సగంలోపే రాసిన పుస్తకమైతే నడిమి కాగితాలు జంటలుగానే తెల్లగా వచ్చేస్తాయి. సగం దాటితే మడత మీద స్కేలు పెట్టి కోయాలి. అలా పోగైనవన్నీ బల్ల మీద తట్టి అంచులు సమం చేసి, దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, గట్టి దారంతో కుట్టేవారు. ముడి ఎప్పుడూ నడిమి బెజ్జం దగ్గరే పడాలి. అట్ట పాత క్యాలెండరుది. మైదాలో కాస్త మైలుతుత్తం వేసి ఉడికించిన బంక పూసేవారు, పురుగు పట్టకుండా. ఆ గిన్నెను వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. నువ్వు మైలుతుత్తం జోలికి పోకు, అది విషం. కొట్లో గమ్ సీసా చాలు.

ఆ పుస్తకంలో నాలుగు గీతల కాగితాలూ, లెక్కల గళ్లవీ, గీతల్లేనివీ అన్నీ కలిసి ఉండేవి. తెలుగు డిక్టేషన్ రాస్తూ పేజీ తిప్పితే గళ్లొచ్చేవి. ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో కూర్చోబెట్టేదాన్ని, ఒత్తులు మాత్రం కింది గడిలోకి జారిపోయేవి. అందులో తప్పు రాసినా ఎవరూ తిట్టేవాళ్లు కాదు, అందుకేనేమో లెక్కలన్నీ నాకు అందులోనే వచ్చాయి. మీ అమ్మ లెక్కలకన్నా సినిమా పాటలే ఎక్కువ రాసుకుంది, నేను చెప్పానని చెప్పి అడుగు. పండు నిన్న క్రికెట్ స్కోర్లు రాయడానికి కాగితం కావాలన్నాడు. ఇంట్లో దొరక్క పెళ్లి శుభలేఖ వెనక రాశాడు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని పిన్నులు నువ్వు తీయి, తెల్లవి వాడిని ఏరమను. వాడి చేతిరాత కిందటి జూన్‌లో ఎలా ఉందో, మార్చిలో ఎలా ఉందో వాడే చూసుకుంటాడు. ఉంచుకోవాలనిపించిన పుస్తకం వాడే పక్కన పెట్టుకుంటాడు. పాత పాఠ్యపుస్తకాలు కింది తరగతి పిల్లాడెవరికైనా అడిగి ఇవ్వు. మాకు సందు చివరి అమ్మాయి దగ్గర్నుంచి సగం ధరకు వచ్చేవి, అక్బరు బొమ్మకు కళ్లజోడుతో సహా.

మిగతావి చెప్పడానికేముంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, అవి పోకముందే పరుపులూ బూట్లూ బ్యాగూ డాబా మీద పడేయ్. మృగశిర వచ్చి చినుకు పడిందంటే ఏదీ ఆరదు. బ్యాగు బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం చెప్పింది. మనవాడు ఇక్కడ తూస్తే 26 కిలోలున్నాడు. పుస్తకాలూ నీళ్లసీసా అన్నీ కలిపి రెండున్నర కిలోలకు మించితే బడికెళ్లి అడుగు. మొహమాటపడకు, నీది చిన్నప్పటి నుంచీ అదే జబ్బు.

ఇంకొకటి. కాలు విరిగిన అంబారీ ఏనుగు బొమ్మను చెత్తలో వేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. అది కొండపల్లిది, తెల్లపొణికి చెక్క. చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతోనే దాని కాళ్లూ తొండమూ అతికిస్తారు. తడిగుడ్డ పెట్టకు, రంగు పోతుంది. పొడిగుడ్డలో చుట్టి, విరిగిన కాలు కూడా పోకుండా అందులోనే ఉంచు. బొమ్మల కొలువుకు ముందు నేనే కొండపల్లి తీసుకెళ్లి అతికించుకొస్తాను.

మీ పెదనాన్న పండును తీసుకుని ఆదివారం పొద్దున రైల్లో బయల్దేరుతున్నారు. 12న బడి తెరిచేలోపు మీకు బోలెడు రోజులుంటాయి. రోజుకొక అర చాలు, పండు చూస్తుండగా. పాత పేపర్లవాడికి ఇవాళే ఫోన్ చేసి, శనివారం రావద్దని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క. ఆవకాయ జాడీ మీ పెదనాన్న సంచిలో పెడుతున్నాను. మూత వదులుగా ఉంది, స్టేషన్లో అందుకునేటప్పుడు నిలువుగా పట్టుకోమని అబ్బాయికి చెప్పు.