సీప్యాప్ మిషన్ పక్కన పెట్టే ముందు ఒక్క కాల్ చేయండి

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా ఆయనకు తిరుపతిలో నిద్ర పరీక్ష చేసి స్లీప్ అప్నియా ఉందన్నారు. రిపోర్టులో ఏహెచ్ఐ 38 అని ఉంది. సీప్యాప్ మిషన్ కొన్నాం. నోరెండిపోతోందని, ముక్కు బిగుసుకుపోతోందని మూడు వారాలకే పెట్టెలో పెట్టేశారు. ప్రతిసారీ బస్సెక్కి తిరుపతి పోవాలంటే ఒకరోజు కూలి పోతుంది. వీడియో కాల్‌లో చూపిస్తే చాలదా?
- ఒక సోదరి, పలమనేరు

సమాధానం: ఈ ఇబ్బందికి చాలా వరకు సరిపోతుందమ్మా. నిద్రలో శ్వాస ఆగిపోతూ ఉండే జబ్బే స్లీప్ అప్నియా. అలా ఆగకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపేది సీప్యాప్. నిద్రలో గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగింది, లేదా బాగా తగ్గింది అన్న లెక్కే ఏహెచ్ఐ. 30 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. మిషన్ సరిగ్గా వాడితే అది 5 లోపుకు దిగాలి. ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత లీకవుతోంది, శ్వాస ఇంకా ఆగుతోందా అన్నవి చాలా మిషన్లు తామే నమోదు చేసుకుంటాయి. మోడెం ఉంటే ఆ లెక్కలు డాక్టరుకు నేరుగా చేరతాయి. లేకపోతే ఫోన్ యాప్‌లోనో మెమరీ కార్డులోనో ఉంటాయి.

నోరెండుతోందంటే సాధారణంగా నిద్రలో నోరు తెరుచుకుని గాలి పోతోందని అర్థం. కాల్ చేసినప్పుడు ఆయన్ని పడుకోబెట్టి, మాస్కు తగిలించి, మిషన్ ఆన్ చేసి చూపించండి. కూర్చున్నప్పుడు కుదిరిన మాస్కు పడుకోగానే జారవచ్చు. పట్టీలు మరీ బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది, లీకు ఆగదు. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెట్టాలా, ముక్కులో సెలైన్ చుక్కలు వేయాలా, నోరు కూడా కప్పే మాస్కుకు మారాలా అన్నది డాక్టరు వీడియోలోనే చెప్పగలరు. ప్రెషర్ మాత్రం మీ అంతట మీరు మార్చకండి. పది రాత్రుల్లో ఏడు రాత్రులు, రాత్రికి 4 గంటలైనా వాడాలన్నది డాక్టర్లు చూసే కనీస లెక్క. నిద్రపోయినంతసేపూ వాడితే ఇంకా మేలు.

ప్రశ్న: మాది తవణంపల్లె మండలం. నాకు స్మార్ట్‌ఫోన్ లేదు. ఈ టెలిమెడిసిన్ మాలాంటివాళ్లకు పనికొస్తుందా?
- ఒక రైతు

సమాధానం: పనికొస్తుందండీ. మన దేశంలో పల్లెటూళ్లకు టెలిమెడిసిన్ వచ్చిన తొలి రోజుల కథ మీ మండలంలోని అరగొండదే. అక్కడి అపోలో ఆసుపత్రి టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2001లో ఇస్రో తన ఉపగ్రహ సేవతో ఆ ఊరిని చెన్నై అపోలోకు కలిపింది. ఇప్పుడు ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ఉంది. ఊరి హెల్త్ క్లినిక్ సిబ్బంది తమ దగ్గరి పరికరంతోనే డాక్టరుతో ఉచితంగా మాట్లాడిస్తారు. అక్కడే బీపీ, షుగరు, బరువు చూపించుకోండి. శ్వాస ఆగే జబ్బు అదుపులో లేకపోతే బీపీ మందులు వేసుకుంటున్నా బీపీ దిగకపోవచ్చు. కాబట్టి మీరూ సీప్యాప్ మిషన్ వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: తిరుమల ఘాట్‌లో జీపు తోలుతాను. బరువు తగ్గాను, గురక పోయింది. ఫోన్లో డాక్టర్నడిగి సీప్యాప్ మిషన్ ఆపేయొచ్చా?
- ఒక డ్రైవరు, తిరుపతి

సమాధానం: గురక పోయిందని జబ్బు పోయిందనుకోకండి. మిషన్ కళ్లద్దాల్లాంటిది, వాడినంతసేపే పని చేస్తుంది. బరువు తగ్గడం నిజంగా మేలే. అయినా ఆపాలా వద్దా అన్నది మళ్లీ నిద్ర పరీక్ష చేశాకే తేలుతుంది. ఆ పరీక్ష కొందరికి ఇంట్లోనే చేయవచ్చు. అప్పటిదాకా వాడండి. మద్యం ముట్టకండి, డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలు వేసుకోకండి. స్టీరింగ్ ముందు కునుకు వస్తోందా? ఆ రోజు నుంచే బండి తోలడం ఆపి, డాక్టరును నేరుగా కలవండి. ఘాట్ మలుపుల్లో మీ వెనక సీట్లో భక్తుల ప్రాణాలున్నాయి.

అందరికీ ఒక మాట. 2020 మార్చి 25న వచ్చిన కేంద్ర టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్ సలహా చాలదనిపిస్తే డాక్టరు మిమ్మల్ని ఆసుపత్రికి రమ్మనవచ్చు. ఛాతీనొప్పి, ఆయాసం, కాళ్లవాపు, పొద్దున్నే తికమక ఉంటే కాల్ కోసం కాచుకోవద్దు. మాస్కు కుదరకపోవడం, ముక్కు ఎండటం, లీకు లాంటివి ఫోన్లో సర్దుబాటయ్యేవే. వాటి కోసం చికిత్సను వదిలేయకండి. ఇబ్బంది మొదలైన వారంలోనే కాల్ చేయండి.