అక్షరాలు తడబడే పిల్లలు

మన సంఘాల పిల్లలు మూడు లిపుల మధ్య పెరుగుతున్నారు. బెంగుళూరు బడిలో కన్నడము, చెన్నైలో తమిళము, బరంపురంలో ఒరియా, వాటితోపాటు ఇంగ్లీషు. తెలుగు లిపి చాలామందికి ఆదివారమే కంటబడుతుంది. (యానాము వారికి ఈ చిక్కు తక్కువ.) అందుచేత సండేస్కూలులో తెలుగు చదవలేని పిల్లవానిని చూచి, అలవాటు లేదులే అని సరిపెట్టుకొంటాము. చాలామంది విషయంలో అది నిజమే. కొందరి విషయంలో కాదు.

అలవాటు లేనివాడు తెలుగులోనే తడబడతాడు, బడి భాష బాగా చదువుతాడు. డిస్లెక్సియా ఉన్నవాడు బడి భాషలోను తడబడతాడు, ఇంగ్లీషులో సాధారణంగా మరీ ఎక్కువ. కాని నోటితో అడిగితే కథంతా చెప్తాడు. ఇది మందబుద్ధి కాదు, సోమరితనము అంతకన్నా కాదు. మాటలోని ధ్వనులను విడదీసి అక్షరాలతో జతపరచడంలో మెదడు పడే ఇబ్బంది. తరచు ఒకే కుటుంబంలో కొందరికి కనబడుతుంది. ఆడపిల్లలు మౌనంగా వెనుక కూర్చుంటారు గనుక వారి సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

గుణింతము మనలను మోసగిస్తుంది. క, కా, కి, కీ అని పాటలా అప్పజెప్పిన పిల్లవానికి మధ్యలో ‘కూ’ ఒక్కటే చూపించండి. తెల్లబోతే వాడు చదవడం లేదు, జ్ఞాపకముతో నెట్టుకొస్తున్నాడు. ముందుగా కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి.

వరుసగా ఒక్కొక్క వచనము చదివించడం మనకు పాత పద్ధతి. ఈ పిల్లలకు అదే శిక్ష. తన వంతుకు ఏ వచనము వస్తుందో లెక్కపెట్టుకొని దానినే వల్లించుకొంటూ, మిగిలిన పాఠమంతా వినకుండా పోతారు. ఆ ఒక్క వచనాన్ని బుధవారమే ఇంటికి పంపండి, లేదా ఇష్టమున్నవారినే చదవమనండి.

ఇంట్లో రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మొదట చెవితో. ‘తలుపు’లో ఎన్ని అక్షరాలు? మొదటిది తీసివేస్తే ఏమి మిగిలింది? తరువాత ఒక్క అక్షరము: బియ్యము పోసిన పళ్ళెములో వేలితో దిద్దుతూ పైకి పలకాలి. ప-వ, మ-య వంటి జంటలను ఒకేరోజు నేర్పవద్దు. ఒకటి స్థిరపడ్డాకే రెండవది. నోటుపుస్తకాన్ని ఎర్ర సిరాతో నింపవద్దు.

1995 నాటి వికలాంగుల చట్టములో ఈ లోపము లేదు. 2016 చట్టములో చేర్చారు. దీనిని త్వరగా గుర్తించి తగినట్లు బోధించడం బడి బాధ్యత అని అందులో ఉన్నది. ధ్రువపత్రముంటే, బోర్డు నియమాలనుబట్టి పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టే సహాయకుడు దొరుకుతారు. బెంగుళూరులో నిమ్హాన్స్, ముంబయిలో సయన్ ఆసుపత్రి పరీక్షిస్తాయి. చెన్నైలో 1991లో ఆరంభమైన మద్రాసు డిస్లెక్సియా అసోసియేషన్ ఈ పనిలోనే ఉన్నది. మిగిలినచోట్ల జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి. పిల్లవాడు బడిలో చదివే భాషలోనే పరీక్ష చేయమని అడగాలి. ధ్రువపత్రము చేతికి రావడానికి సమయము పడుతుంది గనుక పదవ తరగతి వరకు ఆగవద్దు.