ఒప్పుకోలు - మారుమనస్సు

చదువవలసిన భాగములు: కీర్తన 32, యోహాను 11:1-44

ప్రియులారా, పాపము ఒప్పుకొనిన వెంటనే హృదయము మారిపోవునని మనము తలంచుదుము. రష్యా రచయిత దొస్తయేవ్‌స్కీ 1866లో ప్రకటించిన ‘నేరము - శిక్ష’ అను నవల చదివినప్పుడు, ఈ తలంపును మరల పరీక్షించుకొనవలెనని మాకు తోచినది.

ఈ రచయిత చెరను అనుభవించినవాడు. 1849లో పట్టుబడి, మరణశిక్ష తప్పి, సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో నాలుగేండ్లు ఖైదీగా ఉండెను. త్రోవలో కొందరు స్త్రీలిచ్చిన క్రొత్త నిబంధనను తుదివరకు దాచుకొనెను.

కథలో రస్కోల్నికొవ్ అను పేద యువకుడు, గొప్పవారికి నెత్తురు చిందించు హక్కు గలదని భ్రమపడి, తాకట్టు వ్యాపారము చేయు ముసలిదానిని గొడ్డలితో చంపెను. ఇంతలో ఇంటికి వచ్చిన ఆమె సవతి చెల్లెలు, అమాయకురాలైన లిజవేతను కూడ చంపెను. దొంగిలిన సొమ్మును పెద్ద రాతిక్రింద దాచెను గాని, దానిలో ఏమియు వాడుకొనలేదు. దావీదువలె మౌనముగానుండి లోలోపల క్షీణించెను. అంతలో రంగులు వేయు పనివాడొకడు, తాను చేయని ఆ హత్యను తన మీద వేసికొనెను. మనము నోరు మూసికొనినయెడల మన భారము మరియొకనిపై పడును.

కుటుంబము ఆకలి తీర్చుటకై తన్ను అమ్ముకొనిన సోన్యా అను యువతి అతనికి లాజరు కథ చదివి వినిపించెను. ఆ గ్రంథము ఆమెకు లిజవేత తెచ్చియిచ్చినదే! సోన్యా అతని పాపమును కప్పిపుచ్చలేదు. నలుగురి యెదుట ఒప్పుకొనుమని చెప్పెను. అతడు బజారులో మోకరించెను గాని, జనులు నవ్వగా మాట రాలేదు. ఠాణాకు పోయి, చెప్పకయే వెలుపలికి వచ్చి, అక్కడ నిలిచియున్న సోన్యాను చూచి, మరల లోనికి పోయి ఒప్పుకొనెను. ఎనిమిదేండ్ల కఠిన శిక్ష పడెను.

కథ అంతటితో ముగియలేదు. సైబీరియాలో కూడ అతడు ఓడిపోతినని సిగ్గుపడెనే గాని, పాపము చేసితినని దుఃఖింపలేదు. నోరు ఒప్పుకొనెను, హృదయము ఒప్పుకొనలేదు. సోన్యా మాత్రము వెంట వచ్చి, అతని విసుగును సహించి, ఆ ఊరనే కాపురముండెను. తుదకొక ఉదయమున ఏటియొడ్డున అతడామె పాదములయొద్ద పడి ఏడ్చెను. ఇంకను ఏడేండ్ల శిక్ష మిగిలియున్నది. దిండు క్రిందనున్న సువార్త గ్రంథమును ఇంకను తెరువలేదు. అయినను క్రొత్త జీవము మొదలాయెను.

లాజరును బ్రదికించినవాడు ప్రభువే. అయితే రాయి తీయు పనిని, కట్లు విప్పు పనిని ఆయన చుట్టునున్నవారికి అప్పగించెను. మన సంఘములో ఒకడు లేచి తప్పు ఒప్పుకొనినప్పుడు మనమేమి చేయుచున్నాము? ఆదివారము విన్నదానిని సోమవారము కొళాయియొద్ద చెప్పుకొని, వాని గడప త్రొక్కుట మానుదుము. సమాధినుండి వెలుపలికి వచ్చినవానిని కట్లతోనే విడిచిపెట్టుట ఎంత క్రూరము!

ధ్యానించుటకు: మనము ఏ రాతిక్రింద ఏమి దాచియున్నాము? తప్పు ఒప్పుకొనిన ఏ సహోదరుని ఇంటికి మనము ఈ వారము పోవలసియున్నది?