పొదుపు సంఘంలో కొత్తగా చేరే కోడళ్లకు

1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లే ఆడవాళ్లు తమ ఊరి రోశమ్మ వెంట నడిచి సారా అంగడి మూయించారు. మరుసటేడాది రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. తాగుడుకు పోయే డబ్బులో రోజుకో రూపాయైనా మిగుల్చుకుందామని జిల్లాలో ఊరూరా పొదుపు సంఘాలు పెట్టుకున్నాం. అప్పటి నుంచీ నేను సంఘంలోనే ఉన్నాను. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం క్రమం తప్పకూడదన్నవి ట్రైనింగుల్లో చెప్పే పంచసూత్రాలు. సంఘం నిలబడేది వాటి మీదే. సంఘంలో మనిషి నిలబడటానికి ఇంకొన్ని కావాలి. "అత్తా, నన్నూ చేర్పించవా" అని అడిగే కొత్త కోడళ్లకు నేను చెప్పేవి ఇవీ.

1. డబ్బు పంపి ఊరుకోవద్దు, మనిషి రావాలి.
పక్కింటి పిల్ల చేత పొదుపు పంపితే పుస్తకంలో జమ పడుతుంది, అంతే. ఎవరింట్లో జ్వరాలు, ఎవరికి పనుల్లేవు, ఎవరి బిడ్డకు ఫీజు కట్టాలి అన్నవి చాప మీద కూర్చున్నప్పుడే తెలుస్తాయి. మీ కష్టం మాకు తెలిసేదీ అక్కడే.

2. చేరిన నెలకే లోనెప్పుడని అడగొద్దు.
ఎవరు ఎందుకు తీసుకున్నారో, ఎలా కడుతున్నారో ముందు చూడండి. మీ వంతు వచ్చేనాటికి "ఆ పిల్లకు ఇవ్వచ్చు, నాదీ పూచీ" అనే మనిషి ఒక్కరైనా ఉండాలి.

3. తోటి మనిషి అవసరం పెద్దదైతే మీరు ఆగండి.
ఒకసారి సంఘంలో ఉన్న సొమ్ము ఒక్కరికే సరిపోయేలా ఉంది. ఒకామె గేదెకు బేరం చేసుకుని వచ్చింది. ఇంకొకామె కూతురికి కాన్పు కష్టమై నెల్లూరు తీసుకెళ్లాలి. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గేదె కొనాల్సిన ఆమె బయానాకని కొంగున కట్టుకున్న నోట్లు కూడా విప్పి చాప మీద పెట్టి, "ముందు పిల్లను చూడండమ్మా, గేదెలు మళ్లీ సంతకొస్తాయి" అంది. ఆ మాటే తీర్మానాల పుస్తకంలో రాయించాం. తర్వాత ఆమెకు అవసరమొచ్చినప్పుడు నోరు తెరిచి అడగాల్సిన పని లేకపోయింది.

4. కిస్తీ కట్టలేకపోతే ముందే చెప్పండి.
బ్యాంకు మనకు తాకట్టు లేకుండా అప్పిచ్చేది అందరం ఒకరికొకరు ఉన్నామన్న నమ్మకంతోనే. ఒకరు ఎగ్గొడితే తర్వాతి లోను అందరికీ ఆగిపోతుంది. నాలుగు రోజుల ముందు చెబితే తలా కొంత సర్దుతాం. చెప్పకుండా తలుపేసుకుంటే అందరం మీ గుమ్మంలో నిలబడాల్సి వస్తుంది. ఆ తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కష్టం.

5. లెక్క అడగండి.
నెలనెలా పుస్తకం పైకి చదివించండి. అడిగారని లీడరు చిన్నబుచ్చుకోకూడదు. మీరు చదువుకున్న పిల్లలు. చదువు రాని వాళ్ల పాసుపుస్తకం కూడా చూసిపెట్టండి. వాళ్లకు మీరు దగ్గరయ్యేది ఆ సాయంతోనే.

6. అందరిదీ ఒకటే చాప.
గ్రామైక్య సంఘం మీటింగుకు ఊళ్లో సంఘాల వాళ్లూ వస్తారు, కాలనీ సంఘాల వాళ్లూ వస్తారు. కూర్చునే చాప ఒకటే, తాగే బిందె ఒకటే. కులం చూసి పక్కకు జరిగి కూర్చునే మనిషి ఎంత పొదుపు చేసినా సంఘంలో లేనట్టే. ఇంట్లో ఎలాంటి పట్టింపులున్నా ఇక్కడికి తేవద్దు.

7. లీడరు పని వస్తే చేయండి, గడువైతే అప్పగించండి.
బ్యాంకుకు తిరగడం, మేనేజరుతో మాట్లాడటం, తీర్మానం రాయించడం అందరికీ రావాలి. ఒక్కరే ఏళ్ల తరబడి చేస్తే మిగతావాళ్లు సంతకాలకే మిగిలిపోతారు.

వచ్చే సమావేశానికి వచ్చి కూర్చోండి. ఏదైనా పెద్ద పని పడినప్పుడు "ఆ పిల్లను కూడా రమ్మనండి, ఉంటే ధైర్యం" అని మిగతావాళ్లు అంటే, మీరు మా మనిషి అయిపోయినట్టే.