మధుమేహము గల పెద్దలకు ఆయాసము

ఇంటి పెద్దకు పదియేండ్లుగా చక్కెర వ్యాధి కలదు. మునుపు చేను వరకు నడచి వచ్చెడివాడు ఇప్పుడు అరుగు ఎక్కుటకే రొప్పుచున్నాడు. రాత్రి వెల్లకిల పరుండినచో ఊపిరాడక లేచి కూర్చుండుచున్నాడు. “ముసలితనము గదా” యని ఇంటివారు సరిపుచ్చుకొనుచున్నారు. ఇట్టి ఇల్లు మన గ్రామములలో అరుదు కాదు. ఈ సరిపుచ్చుకొనుటయే ప్రాణము మీదికి తెచ్చునని మనము గ్రహింపవలెను.

రక్తములో చక్కెర ఏండ్ల తరబడి మితిమీరియున్నచో గుండెకు రక్తము తెచ్చు నాళములు బిరుసెక్కి ఇరుకగును. గుండె బలహీనపడి, ఊపిరితిత్తులలో నీరు చేరును. పరుండినపుడు ఆయాసము హెచ్చి, కూర్చుండినపుడు తగ్గుటకు తరచుగా కారణమిదియే. మూత్రపిండములు చెడినను ఒంటికి నీరు పట్టి ఆయాసము కలుగును. రక్తహీనత, న్యుమోనియా, ఉబ్బసము కూడ కారణములు కావచ్చును. ఏది కారణమో వైద్యుడు పరీక్షించి చెప్పవలెనే గాని, ఉబ్బసపు బిళ్లలు మనమే కొని మ్రింగించుట తగదు.

గుండెపోటు వచ్చినచో రొమ్మున నొప్పి తప్పక యుండునని మనమనుకొందుము. కాని మధుమేహము నరములను మొద్దుబార్చును. అందువలన కొందరికి నొప్పి తెలియనే తెలియదు. హఠాత్తుగా ఆయాసము, చల్లని చెమట, వికారము, మితిమీరిన నీరసము – ఇవియే దాని గుర్తులు కావచ్చును.

ఇన్సులిన్ మానివేసినను, తీవ్రమైన జ్వరము వచ్చినను రక్తములో ఆమ్లములు పెరిగి, శ్వాస లోతుగా, వేగముగా సాగవచ్చును. వాంతులు, కడుపునొప్పి, నోట పండ్ల వాసన కూడ ఉండవచ్చును. కనుక అన్నము సయింపని దినములలో సైతము వైద్యుని అడుగక ఇన్సులిన్ మానరాదు.

చెమట, వణుకు కలిగినపుడు వీలైనచో రక్తములోని చక్కెరను చూడవలెను. అది 70 కంటె తక్కువగా నుండి, మనిషి తెలివితో నున్నచో 3 చిన్న చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషములకు మరల చూడవలెను. తెలివి తప్పిన వారి నోట ఏమియు పోయరాదు.

ఇంటిలో చేయదగిన పనులు కొన్ని కలవు. ప్రతి ఉదయము మూత్రవిసర్జన తరువాత బరువు చూచి వ్రాసికొనవలెను. 3 దినములలో 2 కిలోలు పెరిగినచో ఒంట నీరు చేరుచున్నదని అనుమానించి, ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. దినమునకు ఉప్పు మొత్తము 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాకు, మించరాదు. ఊరగాయలు, అప్పడములు, ఉప్పుచేపలు ఈ లెక్కలోనివే. కీళ్లనొప్పులకని అంగడిలో కొను బిళ్లలు మూత్రపిండములకును, గుండెకును చేటు చేయవచ్చును. వైద్యుని అడుగక వాడరాదు. పాదముల వాపును, పుండ్లను దినదినము చూచుచుండవలెను.

మాట తెగిపోవునంతటి ఆయాసము, పెదవులు నీలివర్ణమగుట, మతి తప్పుట, రొమ్మునొప్పి – వీనిలో ఏది కనబడినను తెల్లవారు వరకు వేచియుండరాదు. వెంటనే 108కు ఫోను చేయవలెను. బండి వచ్చులోపల రోగిని వీపునకు దిండ్లు ఆనించి, కాళ్లు క్రిందికి వ్రేలాడునట్లు కూర్చుండబెట్టవలెను. నడిపింపరాదు. వాడుచున్న మందులన్నింటిని వెంట తీసికొని పోవలెను.

ఖర్చునకు వెరచియో, బిడ్డలకు భారమగుదుమనియో పెద్దలు తమ బాధను తరచుగా దాచుకొందురు. కనుక మనమే అడుగవలెను: “నాయనా, రాత్రి నిద్రపట్టినదా? దిండ్లెన్ని పెట్టుకొంటివి?” మునుపు ఒక దిండుతో పరుండినవారు ఇప్పుడు మూడు కోరుచున్నచో, గుండె అలసినదని అనుమానింపవలెను. ఆ మరునాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడ్కొనిపోవుట బిడ్డల విధి. వేళకు చూపించిన ఆయాసమునకు మందు కలదు.