పనిచోట పాట – ప్రక్కవారి చెవి

పాఠ్యభాగములు: సామెతలు 25:20, 27:14, 1 రాజులు 6:7



మన ముంచింగిపుట్టు కొండలలో చలికాలము కాఫీ పండ్ల కోతకాలము. ఎర్రబడిన పండునే ఏరి కోయవలెను గనుక చేతికి తీరిక లేదు. నోటికి మాత్రము కలదు. పూర్వము ఒకరు పాట ఎత్తుకొనగా తక్కినవారు అందుకొనెడివారు. ఇప్పుడు కొమ్మకు తగిలించిన సెల్‌ఫోను పాడుచున్నది. పాట తప్పు కాదు. అయితే ఆ రెంటికిని ఒక భేదము కలదు. పాడు మనిషి కన్ను ప్రక్కవారి ముఖముమీద నుండును. ఒకరు మౌనముగా నున్నయెడల అతడు గమనించును. ఫోనుకు కన్నులు లేవు. ఆ కన్నులు మనమే కావలెను.

1. దుఃఖించువారు. మనోదుఃఖము గలవాని యెదుట పాటలు పాడుట చలిదినమున పైబట్ట తీసివేయుట వంటిదని జ్ఞాని చెప్పుచున్నాడు. పుష్యమాసపు తెల్లవారుజామున మంచులో తోటకు నడచు మనకు ఈ ఉపమానము వివరింప నక్కరలేదు. వరుసలో కోయుచున్న ఒక తల్లి మొన్ననే బిడ్డను పాతిపెట్టి యుండవచ్చును. కూలి పోవునను భయముచేత ఆమె లేచి పోజాలదు.

2. మంచి మాటయైనను. వేకువనే గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించుట శాపముగా ఎంచబడునని 27వ అధ్యాయము చెప్పుచున్నది. ఇది ముందుగా మనకే తగులును. మనవి దేవుని పాటలు గనుక ఎంత బిగ్గరగానైనను వినిపింపవచ్చునని తలంచితిమి. ఇతరులు తమ పాటలు పెట్టినప్పుడు మాత్రము విసుగుకొంటిమి. ఇది న్యాయమా? బహిరంగ స్థలములలో రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు మైకులు వాడరాదని 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెప్పుచున్నవి. పగలెల్ల కొండ యెక్కి దిగినవారి నిద్రకు ఇది కావలి.

3. శబ్దమునకు దాని చోటు. సొలొమోను మందిరము కట్టించినప్పుడు రాళ్లు గనియొద్దనే చెక్కబడెను. కట్టుచోట సుత్తె మ్రోత వినబడలేదు. శబ్దము లేక పని లేదు, కాని దానికి తగిన చోటు చూచిరి. కాఫీ పండ్లు ఒలుచు యంత్రమునొద్దగాని పిండిమరయొద్దగాని చేచాపు దూరములోనున్న మనిషితో అరచి మాటలాడవలసి వచ్చినయెడల ఆ మ్రోత చెవికి హాని చేయదగినదని తెలిసికొనుడి. దానిపైన పాట చేర్చకుడి. నీడచెట్ల కొమ్మలు నరకునప్పుడు ఇయర్‌ఫోనులు తీసివేయుడి. “తప్పుకో” అను కేక ప్రాణము నిలుపును.

4. మితము. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1940లో, ఇంగ్లండు దేశపు బి.బి.సి. రేడియో కర్మాగారముల పనివారికొరకు సంగీత కార్యక్రమము నారంభించెను. అది దినమెల్ల సాగలేదు. అరగంట చొప్పున వచ్చుచుండెను. విసుగు పుట్టించు పనికి కొంతసేపు పాట మేలు. ఎడతెగని పాట మరియొక బరువు.

కాబట్టి ముందుగా అడుగుదము. అయితే మేస్త్రి ఫోను పాడుచుండగా “ఆపుడి” అని కూలి మనిషి అనగలదా? అనలేదు. గనుక అందరికంటె చిన్నవారిని, క్రొత్తగా వచ్చినవారిని మొదట అడుగవలెను. “పిన్నీ, పాట పెట్టుకొందుమా? వద్దన్నను కోపము లేదు” అని చెప్పినయెడల ఆమెకు నోరు వచ్చును. పలుకక తల వంచుకొనినయెడల అదియే జవాబు, ఫోను కట్టివేయుదము. ఒకసారి ఒడియా పాట, ఒకసారి తెలుగు పాట, ఒకసారి నిశ్శబ్దము – ఇట్లు వంతులు వేసికొనుటయు మంచిది.

ఆలోచింపవలసిన ప్రశ్నలు:
(అ) మన పాటవలన గత వారము ఎవరైనను నొచ్చుకొనిరా?
(ఆ) మనము పనికి పిలిచినవారిలో “వద్దు” అని చెప్పలేనివారు ఎవరు?

రేపు తోటలోనికి పోయినప్పుడు ఫోను తీయకమునుపు వరుసలోని ముఖములను ఒక్కసారి చూతము.