గర్భసంచి ఆపరేషన్ – అమ్మ మెదడు



శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి హాస్టల్‌కు వచ్చిన మనకు గర్భసంచి ఆపరేషన్ కొత్త మాట కాదు. కూలికో, ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికో పోయే అమ్మలు నడుంనొప్పి, రక్తస్రావంతో బాధపడుతుంటే “పిల్లలైండ్రు గదా, ఇంక దాంతోటి ఏం పని?” అంటుంటారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. మా ఇంట్లో డిగ్రీ దాటి జీవశాస్త్రం చదువుతున్న మొదటివాళ్ళం కాబట్టి, తెలిసిన నాలుగు మాటలు చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

గర్భసంచి వేరు, అండాశయాలు వేరు

గర్భసంచి బిడ్డ పెరిగే చోటు. దానికి రెండు పక్కలా ఉండే అండాశయాలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను తయారుచేస్తాయి. ఇవి రక్తంతో పాటు మెదడుకూ చేరతాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ కణాలలో ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకాలున్నాయి. ఈస్ట్రోజన్ అందితే కణం చావకుండా కాపాడే ప్రోటీన్లు పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. ఆడ ఎలుకల్లో ఈ హార్మోన్ పెరిగినప్పుడు నాడీకణాల కొమ్మలపై మొలకల్లాంటి సంధిస్థానాలు పెరుగుతాయనీ, తగ్గితే అవీ తగ్గుతాయనీ 1990లో అమెరికాలో వూలీ, మెక్‌యువెన్ తదితరులు చూపారు.

మనుషుల్లో ఏం తేలింది?

అమెరికాలోని మేయో క్లినిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, సహజంగా ముట్లు ఆగకముందే అండాశయాలు తీసేయించుకున్నవారిలో మతిమరుపు జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. ఎంత చిన్న వయసులో తీస్తే ముప్పు అంత ఎక్కువ. అలాగని హార్మోన్ మాత్రలు సొంతంగా కొని మింగకూడదు. 65 ఏళ్ళు దాటినవారికి రెండు హార్మోన్లూ కలిపి ఇచ్చి చూస్తే మతిమరుపు ముప్పు రెట్టింపయిందని 2003లో బయటపడింది. వయసును బట్టి ఫలితం మారుతుంది.

మనం చేయగలిగింది

క్యాన్సర్ వంటి జబ్బుల్లో ఆపరేషన్ తప్పదు, భయపడి మానకూడదు. కానీ డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగాలి.

1. మందులతో తగ్గే అవకాశం ఉందా?
2. గర్భసంచి మాత్రమే తీస్తారా, అండాశయాలు కూడానా?
3. అవి కూడా తీస్తే కారణమేమిటి, తర్వాత ఏ మందులు వాడాలి?

అమ్మ వేలిముద్ర వేసేముందు ఆ కాగితంలో ఏముందో చదివి వినిపించగలిగేది ఇంట్లో మనమే. ఆ రోజు ఆస్పత్రికి తోడుగా వెళ్దాం.